కొలంబియా ఒక రోజు యాత్ర: బంగారు వేట నాటి ఊరిని కుటుంబంతో చూసి రావడానికి సమగ్ర మార్గదర్శి

కాలిఫోర్నియాలో సియెర్రా నెవాడా పర్వతాల పడమటి పాదాల వద్ద, టువాలమీ కౌంటీలో, సముద్ర మట్టానికి రెండు వేల అడుగులకు కాస్త ఎగువన కొలంబియా అనే చిన్న ఊరు ఉంది. 1850 మార్చిలో హిల్డ్రెత్ సోదరులు, వారి వెంట ఉన్న కొందరు ఇక్కడ బంగారం కనుగొన్నారు. కొద్ది వారాల్లోనే కొండ వాలు వేల మందితో నిండిపోయింది. పదిహేను, ఇరవై ఏళ్లలో సులువుగా దొరికే బంగారం తరిగిపోయి జనం తరలిపోయినా, ఊరు మాత్రం ఎన్నడూ పూర్తిగా ఖాళీ కాలేదు. ఎప్పుడూ ఎవరో ఒకరు కాపురం ఉండబట్టే దాని ఇటుక కట్టడాలు నిలిచి ఉన్నాయి. 1945లో రాష్ట్ర ప్రభుత్వం దీనిని చారిత్రక ఉద్యానంగా తీసుకొని, కట్టడాలను ఒక్కొక్కటిగా పునరుద్ధరించింది.

బే ఏరియాలోనూ, శాక్రమెంటో చుట్టుపక్కలా ఉండే తెలుగు కుటుంబాలకు ఇది ఉదయం వెళ్లి సాయంత్రానికి తిరిగి రాగల దూరం. కాలిఫోర్నియా బడుల్లో నాలుగో తరగతి పిల్లలు రాష్ట్ర చరిత్రలో భాగంగా గోల్డ్ రష్ (నాటి బంగారు వేట) గురించి చదువుతారు కనుక, ఆ ఈడు పిల్లలున్న ఇంటివారికి ఇది మరీ అనువైన యాత్ర. అయితే చాలామంది పార్కింగ్ నుంచి తిన్నగా మిఠాయి దుకాణానికి వెళ్లి, గుర్రబ్బండి ఎక్కి, నాలుగు ఫొటోలు దిగి, రెండు గంటల్లో "ఇంతేనా" అనుకుంటూ వెనుదిరుగుతారు. లోపం ఊరిలో లేదు, చూసే వరుసలో ఉంది. కొలంబియాకు మొదట్లో బంగారం కరవు కాలేదు, నీరు కరవైంది. ఇక్కడి తవ్వకాలు, అగ్నిప్రమాదాలు, ఇటుక గోడలు కూడా ఆ ఒక్క విషయం చుట్టూ తిరుగుతాయి. అందుకే ఈ మార్గదర్శిలో రోజును ఆ కథ వరుసలోనే అమర్చాను: ముందు నేల, తరువాత బంగారం గాలించే నీటితొట్టి, ఆ తరువాతే వీధి.

ఎప్పుడు వెళ్లాలి

మార్చి నెలాఖరు నుంచి మే నెల వరకు అన్నిటికన్నా మంచి కాలం. అప్పుడు కొండలు పచ్చగా ఉంటాయి, ఎండ భరించగలిగేలా ఉంటుంది. ఫిబ్రవరి నెల మధ్యలో వెళితే ఊరిలో చలి ఉన్నా, దారిలో ఎస్కలాన్, ఓక్‌డేల్ ప్రాంతాల బాదం తోటలు తెల్లగా పూసి కనిపిస్తాయి. జూలై, ఆగస్టు నెలల్లో మధ్యాహ్నపు ఎండ తరచుగా 35 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. ఇండియా నుంచి వచ్చిన పెద్దలు "ఈ ఎండ మాకొక లెక్కా" అంటారు గాని, నీడ తక్కువగా ఉన్న వీధిలో మూడు గంటలు నడవడం వారికి కూడా కష్టమే. వేసవిలో తప్పనిసరిగా వెళ్లవలసి వస్తే, ఒంటి గంటకల్లా ఆరుబయట పనులన్నీ ముగిసేలా చూసుకోవాలి. అక్టోబరు కూడా అనువైన నెలే.

శనివారం వెళ్లడం మేలు. మామూలు పనిదినాల్లో, ముఖ్యంగా శీతాకాలంలో, కొన్ని దుకాణాలు మూసి ఉంటాయి. గుర్రబ్బండి గాని, కమ్మరి కొలిమి గాని నడవకపోవచ్చు. వారాంతాల్లో నాటి దుస్తులు ధరించిన స్వచ్ఛంద కార్యకర్తలు తరచుగా వీధిలో కనిపిస్తారు. పిల్లలు ప్రశ్నలు అడగడానికి వారికి మించిన వారు లేరు. బయలుదేరడానికి రెండు రోజుల ముందు ఉద్యానం వారి వెబ్‌సైటులో ఆ వారం వేళలను, ప్రత్యేక కార్యక్రమాలను చూసుకోవాలి. ఊరిలోకి ప్రవేశ రుసుము లేదు, పార్కింగ్ కూడా ఉచితమే. బంగారం గాలించడం, గుర్రబ్బండి వంటి వాటికి మాత్రం విడివిడిగా చెల్లించాలి.

ముందు రోజు చేసుకోవలసిన ఏర్పాట్లు

భోజనం ఇంటి నుంచే తీసుకువెళ్లండి. ఊరిలో తినడానికి దొరుకుతుంది గాని, శాకాహారులకు, అందులోనూ పెద్దవారికి, ఎంపిక చాలా తక్కువ. పులిహోర, దద్దోజనం, చపాతీలు, ఆలుగడ్డ వేపుడు వంటివి చల్లారినా బాగుంటాయి. ఉద్యానంలో కూర్చొని తినడానికి బల్లలు ఉన్నాయి. దద్దోజనాన్ని వేసవిలో ఐస్ పెట్టెలో ఉంచకపోతే మధ్యాహ్నానికి పులిసిపోతుంది. మనిషికి కనీసం ఒక లీటరు చొప్పున తాగునీరు కారులో ఉండాలి.

చెప్పుల విషయంలో శ్రద్ధ అవసరం. వీధి పక్కన నడిచే చోట చెక్క పలకలు పరిచి ఉంటాయి. రాళ్ల దగ్గర నేల ఎగుడుదిగుడుగా ఉంటుంది. పెద్దవారికి మడమను పట్టి ఉంచే బూట్లు కావాలి. పిల్లలకు ఒక జత బట్టలు అదనంగా పెట్టండి, ఎందుకంటే నీటితొట్టి దగ్గర మోచేతుల దాకా తడవకుండా ఏ పిల్లా పిల్లవాడూ ఇవతలికి రారు. ఒక చిన్న తువ్వాలు, చిన్న భూతద్దం, ఒక అయస్కాంతం, పది డాలర్లు, అయిదు డాలర్ల నోట్లు కొన్ని వెంట ఉంచుకోండి. అయస్కాంతం ఎందుకో తరువాత చెబుతాను.

ముందు రోజు రాత్రి పిల్లలకు నాలుగు మాటలు చెప్పి ఉంచితే చాలు. 1848 జనవరి 24న కొలోమా అనే చోట, సట్టర్ అనే ఆసామి కోసం కడుతున్న రంపపు మిల్లు కాలువలో జేమ్స్ మార్షల్‌కు బంగారపు రేకులు కనిపించాయి. ఆ వార్త ప్రపంచమంతా పాకి, 1849లో జనం వెల్లువలా వచ్చిపడ్డారు. శాన్ ఫ్రాన్సిస్కో ఫుట్‌బాల్ జట్టుకు ఫార్టీనైనర్స్ అన్న పేరు, పాత బంగారు ఊళ్లను కలుపుతూ పోయే 49వ నంబరు రహదారికి ఆ అంకె ఆ ఏడాది నుంచే వచ్చాయి. జట్టు పేరు చెప్పగానే పిల్లలు చెవులు నిక్కిస్తారు. మిగిలినది వారంతట వారే అడుగుతారు.

దారి

ఫ్రీమాంట్ నుంచి సుమారు 110 మైళ్లు, రద్దీ లేకపోతే రెండుంబావు గంటల ప్రయాణం. 580వ రహదారి మీద ఆల్టమాంట్ కనుమ దాటి, 205 పట్టుకొని, కాసేపు ఐ-5 మీద వెళ్లి, మాంటీకా వద్ద 120వ రహదారిలోకి రావాలి. అక్కడి నుంచి ఎస్కలాన్, ఓక్‌డేల్ మీదుగా దారి కొండల్లోకి ఎక్కుతుంది. ఓక్‌డేల్ తరువాత చాలా దూరం వరకు పెద్ద ఊళ్లు లేవు కనుక పెట్రోలు, మరుగుదొడ్డి, కాఫీ అవసరాలు అక్కడే తీర్చుకోవాలి.

ఓక్‌డేల్ దాటాక 108, 120 రహదారులు కలిసి నడిచి, యోసెమిటీ జంక్షన్ అనే చోట విడిపోతాయి. ఇక్కడ జాగ్రత్త. ముందున్న కార్లలో చాలా భాగం యోసెమిటీ వైపు కుడికి తిరుగుతాయి. మీరు వాటి వెంట పోకుండా 108 మీదనే ఉండాలి. జేమ్స్‌టౌన్, సొనోరా దాటి, 49వ రహదారి మీద ఉత్తరంగా కొద్ది దూరం వెళ్లాక పారట్స్ ఫెర్రీ రోడ్డు వస్తుంది. సొనోరా నుంచి కొలంబియా నాలుగు మైళ్లే. శనివారం ఉదయం ఏడు గంటలకు బయలుదేరితే ఆల్టమాంట్ దగ్గర రద్దీ మొదలయ్యేలోగా దాటిపోతారు, దుకాణాలు తెరిచే పది గంటలకు కాస్త ముందే చేరుకుంటారు. ఆ కాస్త ముందు చేరడం మన ప్రణాళికకు అవసరం.

మొదటి మజిలీ: రాళ్లు

కారు దిగగానే వీధి వైపు వెళ్లవద్దు. ఊరి అంచున, పార్కింగ్ స్థలాల చుట్టుపక్కల బూడిద రంగు రాతి దిమ్మెలు కనిపిస్తాయి. కొన్ని మనిషి ఎత్తు, కొన్ని అంతకు రెట్టింపు. గుండ్రంగా అరిగి, మధ్య మధ్య లోతైన పగుళ్లతో, ఒకదాని పక్కన ఒకటి వంకర టింకరగా నిలబడి ఉంటాయి. వీటిని ఎవరో శిల్పాల్లాగా అమర్చారని పిల్లలు అనుకుంటారు. నిజానికి ఇవి ఇక్కడే పుట్టిన పాలరాయి. నూట డెబ్బై అయిదేళ్ల కిందట ఇవన్నీ మట్టి కింద కప్పబడి ఉండేవి.

ఒక పగుళ్ల దగ్గర పిల్లలను నిలబెట్టి, చేయి లోపలికి పెట్టి తడిమి చూడమనండి (పాములు తిరిగే వెచ్చని కాలంలో ముందు మీరు తొంగి చూడండి). లోపలి గోడ నున్నగా, చల్లగా తగులుతుంది. భూమి లోపల నీరు వేల ఏళ్ల పాటు పాలరాతిని కరిగించి ఈ గుంతలను, చీలికలను చేసింది. ప్రాచీన నదులు పర్వతాల నుంచి మోసుకొచ్చిన బంగారం, తన బరువుకు తానే కిందికి జారి, ఈ చీలికల్లో చిక్కుకుపోయింది. కొలంబియా అంత సంపన్నంగా ఉండడానికి కారణం ఇదే. ప్రకృతి ముందే గాలించి, గిన్నెల్లో పోసి పెట్టింది.

ఆ గిన్నెలను ఖాళీ చేయడానికి వచ్చినవారు పై మట్టినంతా తవ్వి, కడిగి, కొట్టుకుపోయేలా చేశారు. ఇప్పుడు మీరు నిలబడిన చోటు నాటి నేలమట్టం కాదు. ఆ దిమ్మెల తలలకు పైన ఎక్కడో నాటి నేల ఉండేది. ఈ ఒక్క సంగతి పిల్లలకు కళ్లారా తెలిస్తే, మిగిలిన రోజంతా వారికి వేరుగా కనిపిస్తుంది. నా మటుకు నాకు, ఊరు మొత్తంలో వదలకుండా చూడవలసినది ఒక్కటే చెప్పమంటే ఈ రాళ్లనే చెబుతాను. ఎక్కి ఆడుకోవచ్చా అని పిల్లలు అడుగుతారు. చిన్నవాటి మీద పెద్దల కళ్ల ముందు మాత్రమే ఎక్కనివ్వండి, పొదల్లోకి మాత్రం వెళ్లనివ్వకండి. ఈ కొండల్లో పాయిజన్ ఓక్ విస్తారంగా పెరుగుతుంది. కాడకు మూడేసి ఆకులు ఉండే ఆ మొక్క తగిలితే రోజుల తరబడి దురద, బొబ్బలు తప్పవు.

ఉద్యానంలో రాయి గాని, పాత ఇనుప ముక్క గాని ఏరుకొని జేబులో వేసుకోవడం చట్టరీత్యా నేరం. ఈ మాట ఇక్కడే చెప్పి ఉంచండి.

రెండవ మజిలీ: బంగారం గాలించడం

పది గంటలకు గాలించే చోటు తెరవగానే వెళ్లడం మంచిది. పదకొండున్నర తరువాత వరుస పెరుగుతుంది. డబ్బు కడితే ఒక పళ్లెం, కొంత ఇసుక ఇస్తారు. పొడవాటి చెక్క తొట్టిలో నీరు నిండి ఉంటుంది. ఇసుకలో బంగారపు రేణువులు, కొన్ని చోట్ల రంగురాళ్లు ముందే కలిపి ఉంటాయని పిల్లలకు దాచకుండా చెప్పడమే నయం. అది తెలిసినందువల్ల సరదా ఏమీ తగ్గదు, ఎందుకంటే కలిపిన బంగారాన్ని కూడా చేతనైన పద్ధతిలో గాలించకపోతే నీటిలో పోగొట్టుకుంటారు.

పద్ధతి మన ఇళ్లలో పెద్దవారికి కొత్త కాదు. రాళ్లున్న బియ్యాన్ని రెండు గిన్నెల మధ్య నీటితో గాలించేటప్పుడు బియ్యం నీటితో జారిపోయి రాళ్లు అడుగున మిగిలినట్లే, ఇక్కడ ఇసుక జారిపోయి బంగారం అడుగున మిగులుతుంది. అమ్మమ్మనో నాయనమ్మనో తొట్టి దగ్గర కూర్చోబెట్టి పళ్లెం చేతికివ్వండి. తొట్టి నడిపేవారు నేర్పేలోగా ఆమె పని సగం ముగించి ఉంటుంది.

మెట్లవారీగా పద్ధతి ఇది. పళ్లెంలో సగానికి మించకుండా ఇసుక పోసి, నీటిలో పూర్తిగా ముంచి, వేళ్లతో కలియబెట్టి మట్టి గడ్డలన్నీ చిదమాలి. బంకమట్టి ఉండకు అంటుకున్న బంగారం ఆ ఉండతోనే పోతుంది. పెద్ద గులకరాళ్లను కడిగి, చూసి, పారవేయాలి. తరువాత పళ్లాన్ని నీటి అడుగునే సమతలంగా పట్టుకొని, కుడి ఎడమలకు గట్టిగా, త్వరత్వరగా కుదపాలి. ఈ కుదపడమే అసలు పని. నీటితో పోల్చితే బంగారం బరువు 19 రెట్ల పైన. మామూలు ఇసుక బరువు రెండున్నర రెట్ల కంటే కాస్త ఎక్కువ. అంత తేడా ఉంది కాబట్టి కుదిపిన కొద్దీ బంగారం ఇసుకను తోసుకుంటూ అడుక్కి దిగుతుంది. కనీసం ఇరవై అంకెలు లెక్కపెట్టేంత సేపు కుదపమని పిల్లలకు చెప్పండి.

పళ్లానికి ఒక వైపు గాడులు ఉంటాయి. ఆ వైపు మీకు దూరంగా, కిందికి ఉండేలా పళ్లాన్ని కొద్దిగా వంచి, నీటిలో ముంచి పైకి తీస్తూ, నీటి అల పై పొర ఇసుకను మెల్లగా ఈడ్చుకుపోయేలా చేయాలి. మూడు నాలుగు సార్లు అలా చేశాక మళ్లీ సమతలంగా పట్టి కుదపాలి, మళ్లీ వంచాలి. కుదపకుండా వంచుతూ పోవడమే పిల్లలు చేసే పొరపాటు. అయిదు నిమిషాలకు పళ్లెంలో రెండు చెంచాల ఇసుక మిగులుతుంది. దాని రంగు మారి నల్లబడుతూ వస్తుంది. ఈ నల్ల ఇసుకలో ఇనుప ఖనిజం ఎక్కువ. ఇది మామూలు ఇసుకకన్నా బరువైనది కాబట్టి చివరిదాకా బంగారం వెంటే ఉంటుంది. నల్ల ఇసుక కనిపించిందంటే మీ చేతివాటం సరిగానే ఉందని అర్థం.

ఇక్కడి నుంచి తొందర పనికిరాదు. పళ్లెంలో రెండు చెంచాల నీరు మాత్రం ఉంచి, అంచు వెంట చుట్టూ మెల్లగా తిప్పితే నల్ల ఇసుక తోకలాగా సాగి, దాని మొదట్లో పచ్చని చుక్కలు ఆగిపోతాయి. పొడి వేలి కొసను చుక్క మీద ఆనించి, నీరు నింపిన చిన్న సీసాలో ముంచితే అది జారి సీసాలో పడుతుంది. అప్పుడు మీ అయస్కాంతాన్ని ఒక ప్లాస్టిక్ సంచిలో చుట్టి మిగిలిన నల్ల ఇసుక మీద ఆడిస్తే, అందులో చాలా భాగం ఎగిరి అంటుకుంటుంది. పిల్లలకు బంగారం దొరికినప్పటికన్నా ఇది ఎక్కువ ఆశ్చర్యం కలిగిస్తుందేమో.

మెరిసేదంతా బంగారమేనా అని తేల్చడానికి నీడలోకి తీసుకువెళ్లి చూడండి. బంగారం నీడలోనూ అదే పసుపు రంగులో ఉంటుంది. పైరైట్ అనే ఇనుప గంధకపు ఖనిజం ఒక కోణంలో తళుక్కుమని, తిప్పగానే నల్లబారుతుంది. అభ్రకం రేకులైతే పళ్లెంలో నీరు కదిలిన వెంటనే తేలిపోతాయి.

చేతులు తుడుచుకుంటూ ఉండగానే పిల్లలకు చెప్పవలసిన లెక్క ఒకటి ఉంది. నాడు గని శిబిరాల్లో ఔన్సు బంగారానికి సాధారణంగా 16 డాలర్లు ఇచ్చేవారు. ప్రభుత్వ టంకసాల ధర 20 డాలర్ల 67 సెంట్లు. ఆ తేడా వర్తకుల చేతిలో మిగిలేది. పళ్లెంతో రోజంతా నడుము వంచి చేసే పని నిదానమైనది కనుక, త్వరలోనే గనివారు ఉయ్యాలలా ఊపి మట్టిని కడిగే తొట్లు, పొడవాటి చెక్క కాలువలు వాడడం మొదలుపెట్టారు. పనిముట్టు పెద్దదైన కొద్దీ దానికి నీరు ఎక్కువ కావాలి. కొలంబియాలో వేసవి వచ్చిందంటే వాగులు ఎండిపోయేవి. మట్టిలో బంగారం ఉందని తెలిసి, కడగడానికి నీరు లేక గనివారు మట్టిని కుప్పలు పోసి వాన కోసం ఎదురుచూసేవారు. అనంతపురం, కర్నూలు వైపు నుంచి వచ్చిన తాతయ్యలకు ఈ సంగతి వివరించనక్కరలేదు.

1851లో ఒక నీటి కంపెనీ ఏర్పడి, కొండల్లోని నదుల నుంచి కాలువలు తవ్వి నీటిని అమ్మసాగింది. అది వసూలు చేసే ధరలు భరించలేక, 1854లో గనివారే మరొక కంపెనీ పెట్టుకొని, అరవై మైళ్ల పొడవున కొండ వాలుల వెంట చెక్క తొట్లతో, కందకాలతో కాలువ కట్టడం మొదలుపెట్టారు. 1858 నాటికి గాని అది పూర్తి కాలేదు. అప్పటికి ఊరి బంగారం తగ్గుముఖం పట్టింది; అప్పుల్లో మునిగిన ఆ కాలువ చివరికి పాత కంపెనీ చేతుల్లోకే పోయింది. పిల్లలు సగం వింటారు, సగం వినరు. పెద్దలకు మాత్రం ఇది ఆసక్తికరమైన కథ.

భోజనం

పన్నెండు గంటలకు బల్లల దగ్గరికి వచ్చేయండి. ఒంటిగంటకు వస్తే నీడలో ఉన్న బల్లలు దొరకవు.

మూడవ మజిలీ: ప్రధాన వీధి

ప్రధాన వీధిలోకి కార్లను రానివ్వరు. అందువల్ల చిన్నపిల్లలను స్వేచ్ఛగా వదలవచ్చు. గుర్రబ్బండి వచ్చేటప్పుడు మాత్రం చేయి పట్టుకోవాలి. చూడవలసిన మొదటిది దుకాణాల్లోని సరుకు కాదు, వాటి తలుపులు. దాదాపు ప్రతి ఇటుక కట్టడానికీ బయటి వైపు మందమైన ఇనుప రెక్కలు ఉంటాయి. ఒకదాని దగ్గర ఆగి, బందులను, రెక్క అంచును, గోడ మందాన్ని చూడండి. దొంగల భయంతో పెట్టారని అందరూ అనుకుంటారు. వాటిని పెట్టించింది నిప్పు.

మొదట్లో ఊరంతా గుడారాలు, చెక్క ఇళ్లు. 1854లో జరిగిన అగ్నిప్రమాదంలో వ్యాపార వీధి చాలావరకు తగలబడిపోయింది. అప్పుడు ఇటుకతో, ఇనుప తలుపులతో కట్టడం మొదలైంది. 1857లో మళ్లీ పెద్ద మంటలు చెలరేగి మిగిలిన చెక్క ఇళ్లను, కొన్ని ఇటుక కట్టడాలను కూడా బలిగొన్నాయి. మంటలు ఆర్పడానికీ నీరే కావాలి కదా. ఆ తరువాత వీధుల కింద నీటి తొట్లు కట్టారు, స్వచ్ఛంద అగ్నిమాపక దళం ఏర్పడింది, 1859లో శాన్ ఫ్రాన్సిస్కో నుంచి చేతితో నడిచే పంపు ఒకటి తెచ్చారు. పపీటీ అనే పేరున్న ఆ పంపు ఇప్పటికీ ఊరిలో ఉంది. అది నిజానికి పసిఫిక్ మహాసముద్రంలోని తాహితీ దీవికి పోవలసినదని చెబుతారు. రెండు పక్కలా పొడవాటి కమ్మీలు పట్టుకొని మనుషులు వరుసగా కిందికీ పైకీ నొక్కితే నీరు గొట్టంలోకి ఎగజిమ్మేది. ముందు రాళ్లనూ, తొట్టినీ చూసి వచ్చిన పిల్లలు ఈ పంపు దగ్గర తమంతట తామే "నీళ్లు ఎక్కడి నుంచి తెచ్చేవారు?" అని అడుగుతారు. వీధినే మొదట చూసినవారికి ఆ ప్రశ్న పుట్టదు.

1858లో కట్టిన వెల్స్ ఫార్గో కార్యాలయానికి తప్పక వెళ్లండి. గనివారు తెచ్చిన బంగారాన్ని తూచి, బయటి ఊళ్లకు పంపిన చోటు ఇది. నాటి త్రాసు లోపల ప్రదర్శనలో ఉంది. మన పిల్లలకు ఈ పేరు తెలిసినది బ్యాంకు ఏటీఎం మీదనే కనుక, గుర్రబ్బండి బొమ్మ ఆ బ్యాంకు గుర్తు ఎందుకైందో ఇక్కడ తెలుస్తుంది.

కమ్మరి కొలిమి వెలిగి ఉంటే పావుగంట అక్కడ నిలబడండి. తిత్తి ఊదడం, ఎర్రగా కాలిన ఇనుమును దాగలి మీద పెట్టి సమ్మెటతో కొట్టడం మన పల్లెల్లో పెరిగిన పెద్దవారికి చిన్నతనం గుర్తు చేస్తుంది, పిల్లలకు బహుశా మొదటిసారి కనిపిస్తుంది. మైనపు వత్తులను రంగు మైనంలో ముంచి తీసే కొవ్వొత్తుల దుకాణం చిన్నపిల్లలకు బాగుంటుంది. గుర్రబ్బండి ప్రయాణం కొద్ది నిమిషాలదే. ఆ కాస్త సేపటికి ధర ఎక్కువే గాని, ఆరేడేళ్ల పిల్లలు ఉంటే ఎక్కించక తప్పదు. పదేళ్లు దాటినవారు మాత్రమే ఉంటే ఆ డబ్బుతో మరొకసారి గాలించడం మేలు. పాత సెలూన్లలో (అంటే నాటి మద్యశాలల్లో) పిల్లలు కూడా తాగే సార్సపరిల్లా పానీయం అమ్ముతారు. రెండూ వేర్వేరు మొక్కలవే అయినా దాని వాసన రాయలసీమ నన్నారి షర్బత్‌కు దగ్గరగా ఉంటుంది. ఒక సీసా కొని పెద్దవారి చేత రుచి చూపించండి.

మిఠాయి దుకాణం చివరికి ఉంచుకోండి. ముందే వెళితే, మిగిలిన మధ్యాహ్నమంతా బేరమే.

నాలుగవ మజిలీ: కొండ మీది బడి

ఊరి అంచున, చిన్న మెరక మీద, 1860లో కట్టిన రెండంతస్తుల ఇటుక బడి ఉంది. 1937 దాకా ఇందులో చదువు చెప్పారు. వీధి నుంచి పది, పన్నెండు నిమిషాల నడక, కొంచెం ఎత్తు ఎక్కాలి. నడవలేని పెద్దవారిని కారులో తీసుకువెళ్లడం మంచిది. లోపల బల్లలు, నల్లబల్ల, పొయ్యి నాటి తీరులో అమర్చి ఉన్నాయి. గనివారు అంతా ఒంటరి మగవారేననీ, నాలుగు రోజులు తవ్వుకొని పోయినవారేననీ ఉన్న అభిప్రాయం ఈ బడిని చూస్తే పోతుంది. ఇక్కడే పిల్లలను చదివించుకుంటూ స్థిరపడాలనుకున్న కుటుంబాలు ఇంత గట్టి కట్టడం కట్టుకున్నాయి.

సెయింట్ ఆన్స్ చర్చిని 1856లో మరొక గుట్ట మీద ఇటుకతో కట్టారు. దాని చుట్టుపక్కల కూడా నేలను తవ్వి కడిగేశారు. చర్చి, శ్మశానం ఉన్న భాగం మాత్రం మిగిలింది. సమయం, ఓపిక ఉంటేనే అటు వెళ్లండి.

పిల్లలకు చెప్పకుండా దాటవేయకూడనివి

దుకాణాల్లో టోపీలు, బొమ్మ తుపాకులు చూసి ఇదంతా ఒక జాతర అనుకునే ప్రమాదం ఉంది. ఈ కొండలు మీవాక్ తెగ ప్రజల నివాసం. గోల్డ్ రష్ వచ్చిన కొన్నేళ్లలోనే వ్యాధులు, హింస, ఆకలి వారిని చిన్నాభిన్నం చేశాయి. నీటి కోసం, బంగారం కోసం తిప్పిన ప్రతి వాగూ అంతకుముందు వారికి చేపలు ఇచ్చిన వాగే.

1850లో కాలిఫోర్నియా రాష్ట్రం విదేశీ గనివారి మీద నెలకు 20 డాలర్ల పన్ను వేసింది. పక్కనే ఉన్న సొనోరాకు ఆ పేరు పెట్టినది మెక్సికోలోని సొనోరా నుంచి వచ్చిన గనివారే. ఆ పన్ను దెబ్బకు వారిలో వేల మంది ఈ ప్రాంతం వదిలి వెళ్లారు. మరుసటి ఏడాది దానిని రద్దు చేసి, 1852లో తక్కువ మొత్తంతో మళ్లీ తెచ్చారు. ఆ రెండవ పన్ను భారం ఎక్కువగా చైనీయుల మీద పడింది. వలస వచ్చిన కుటుంబాల పిల్లలకు ఇది పుస్తకంలోని విషయంగా మిగలదు. ఎనిమిదేళ్లు దాటిన పిల్లలకు, బడి దగ్గర నీడలో కూర్చున్నప్పుడు, సూటిగా చెప్పవచ్చు.

చిత్తూరు జిల్లా వైపు పెద్దవారు వెంట ఉంటే కోలారు మాట తప్పక వస్తుంది. అక్కడి గనుల్లో తమిళులతో పాటు తెలుగువారు కూడా తరతరాలు పని చేశారు. కొలంబియాలో బంగారం మట్టిలో కలిసి, నేల పైభాగంలో దొరికింది. ఒక పళ్లెం, ఒక పార ఉన్న మనిషి ఒంటరిగా పని మొదలుపెట్టగలిగాడు. కోలారులో బంగారం గట్టి రాతి పొరల్లో ఉండేది. మూడు కిలోమీటర్ల పైన లోతుకు దిగి, రాతిని పేల్చి, పొడిచేసి తీయవలసి వచ్చేది. దానికి కంపెనీ పెట్టుబడి, వేల మంది కూలీలు అవసరమయ్యారు. 2001లో ఆ గనులు మూతపడ్డాయి. తాతయ్యకు కోలారు గురించి తెలిసినది ఉంటే మనవల ముందు మాట్లాడనివ్వండి. బోర్డుల మీద దొరకని పాఠం అది.

తిరుగు ప్రయాణం

మూడున్నరకు మిఠాయి దుకాణం, నాలుగుకు కారు. రైళ్లంటే ఇష్టపడే పిల్లలు ఉంటే, దారిలో జేమ్స్‌టౌన్‌లోని రైల్‌టౌన్ 1897 ఉద్యానం దగ్గర ఆగవచ్చు. పాత ఆవిరి ఇంజన్లు, వాటిని మరమ్మతు చేసే షెడ్డు చూపిస్తారు. అది త్వరగా మూసివేస్తారు కనుక, రెండూ చూడాలనుకుంటే బడి మజిలీని వదులుకొని మధ్యాహ్నం రెండు గంటలకే కొలంబియా నుంచి బయలుదేరాలి. రెండింటినీ ఒకే రోజు కుక్కడం కన్నా రైలుకు మరొకసారి రావడమే మంచిదని నా అభిప్రాయం.

సాయంత్రం 120వ రహదారి మీద పడమటి ఎండ నేరుగా డ్రైవరు కళ్లలో పడుతుంది. చలువ కళ్లద్దాలు ముందు సీటు దగ్గర ఉంచుకోండి, బయలుదేరే ముందు గాజును లోపలి వైపు కూడా తుడవండి. చీకటి పడే వేళ ఈ కొండ రోడ్ల మీదికి జింకలు వస్తాయి, కాబట్టి ఓక్‌డేల్ చేరేదాకా వేగం తగ్గించి నడపాలి. బంగారం వేసిన సీసాల మూతలు బిగించి, ఒక్కొక్క దాని మీద పిల్లల పేరు రాసి, పెద్దవారి సంచిలో పెట్టండి. వెనుక సీట్లో మూత తీసి చూసుకుంటే, ఆ రేణువులు సీటు కింద పడిన తరువాత ఏ పళ్లెంతో గాలించినా దొరకవు.